యాడుండావు?

ఎర్రగుంట్లలో నాపరాళ్ళ మిల్లు పక్కన
ఒక రేకుల గది. అందులో దస్తగిరమ్మ.
కీబోర్డు సందుల్లో కూడా రాతిపొడి.
మౌసు ఆమెకు అక్కర్లేదు,
బిల్లులు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టింది.

నేను రాసిన బుకింగు పేజీ
నాలుగు నెలలుగా ఆమె వేళ్ళ కింద నడుస్తోంది.
ట్యాబ్ నొక్కితే ఒక అడుగు ముందుకు,
షిఫ్టుతో కలిపితే ఒక అడుగు వెనక్కి.
చెవిలో గొంతు, రేకు మీద శనగలు పోసినట్టు.
నాకు ఒక్క ముక్కా అందదు.

మొన్న మంగళవారం జమ్మలమడుగు పోవాల్సిన లారీ
పోలేదు.
అక్కడ మేస్త్రీలు సిమెంటు కలుపుకుని కూర్చున్నారు.
ఇక్కడ ఆర్డరు రద్దయి ఉంది.
రద్దు చేసింది దస్తగిరమ్మ వేలే.
"ఆయమ్మ తప్పా, నీ తప్పా?"
ఫోన్లో అడిగాడు ఓనరు ఓబుళరెడ్డి.
నేను వెంటనే జవాబు చెప్పాను.
ఆ జవాబు ఇక్కడ రాయను.

బస్సు దిగి వచ్చాను. ఆమె ఏమీ అనలేదు.
చెయ్యి చాచి తెర స్విచ్చు ఆర్పేసింది.
"ఇంగ చెయ్ సామీ. అడ్రసు మార్చు. ఊరికే అడ్రసే."

ట్యాబ్. ట్యాబ్. ఎంటర్.
పెట్టె తెరుచుకునే ఉంటుంది, రాసింది నేనే కదా.
వెనక పేజీ మసకబారి, ముందు తెల్లగా,
మూలలు గుండ్రంగా
(ఆ గుండ్రానికి ఒక పూటంతా పెట్టాను).
గొంతు మాత్రం దాని ఊసే ఎత్తలేదు.
"యాడుండావు?"
"పెట్టెలో."
"నిన్ను లోపలికి ఎవురు పిల్చిరి?"

మళ్ళీ ట్యాబ్.
"రద్దు, బటన్."
పెట్టెలో ఒక రద్దు ఉంది: ఏం మార్చొద్దులే, మూసెయ్యి అని.
పేజీలో ఒక రద్దు ఉంది: లారీ వద్దు, బండలూ వద్దు అని.
కంటికి అవి రెండు.
చెవికి ఒకటే మాట.
నొక్కాను.
తెర వెలిగించి చూస్తే పెట్టె అట్లాగే నోరు తెరుచుకుని ఉంది,
దాని వెనక, మసకలో,
ఇంకో ఆర్డరు పోయింది.

"మా నాయన బండలు పరిచేటోడు" అంది,
టీ గ్లాసు నా చేతికి ఎదురుగా పెట్టి.
"నాకు చూపు పోయిన ఏడు, ఇంట్లో వరస నా కాళ్ళకు నేర్పించినాడు.
గడప కాడ అడ్డరాయి, ఆనక మూడు నిలువురాళ్ళు, ఆనక పొయ్యి.
నున్నగా ఉండాయా, గీట్లుండాయా అని నేనెప్పుడూ అడగల్యా.
యా రాయి తర్వాత యా రాయి, అంతే నాకు."

రాత్రి లాడ్జిలో నా కోడ్ విప్పి చదివాను.
కుడిమూలన మెరవాలని మూసే గుర్తును
అన్నిటికంటే పైన రాసుకున్నాను,
వచ్చినోళ్ళకు ఇల్లు చూపకముందే
బయటికి దారి చూపినట్టు.
దాన్ని కిందికి దించాను. పెట్టెకు పేరు పెట్టాను.
తెరుచుకోగానే వేలు లోపలికి వచ్చేట్టు,
చివరి బటన్ దాటితే గోడ దూకి వెనక పేజీలో పడకుండా
మళ్ళీ మొదటికే వచ్చేట్టు,
ఎస్కేప్ నొక్కితే తలుపు తెరిచేట్టు.
రెండు రద్దుల్లో ఒకటి ఇప్పుడు "ఆర్డరు తీసేయి".

పొద్దున్నే చూసి ఆమె నవ్వింది.
"కడపలో తాడిపత్రి బస్సెక్కినా అనుకో.
ముద్దనూర్లో టీకి దిగితే, మళ్ళీ ఎక్కేటప్పటికి
నా సీటు నాకుండాలా వద్దా?
నీ పెట్టె మూసినప్పుడల్లా
నన్ను తీస్కపోయి కడప డిపోలో దించుతాది."

అది నాకు తట్టనేలేదు.
మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, మిల్లు రంపం చెవులు కోస్తుంటే.

తెర ఆర్పే ఉంది.
"చిరునామా మార్పు, డైలాగ్."
లోపల మూడు సార్లు చుట్టి వచ్చింది,
తాళం వేశాక లాగి చూసినట్టు.
ఎస్కేప్.
"చిరునామా మార్చు, బటన్."
బయల్దేరిన చోటే.

"ఊ" అంది.
బిల్లుల మీద మౌసు సర్ది,
"ఇంగ రెడ్డికి ఫోన్ చెయ్యి.
మొన్న చెప్పింది కాదు, ఇంకోటి చెప్పు."

రంపం ఆగింది.
అటువైపు రింగవుతోంది.